ముందు తూకం, తర్వాత తీర్మానం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడు ఈ సభలో మనం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని లెక్క చెప్పుకుంటాం. ఈసారి చెత్త గురించి, చెరువు గురించి మాట్లాడమని సమాఖ్య మా గ్రామైక్య సంఘానికి చెప్పింది. ఎజెండా కాగితంలో ‘సహజ వనరులు, వ్యర్థాల నిర్వహణలో పరిశోధన, కొత్త ఆవిష్కరణలు’ అని రాశారు. అది చదివి మాకు నవ్వూ వచ్చింది, భయమూ అయింది. మాలో చాలామందిమి ఏడో తరగతి దాటలేదు. పరిశోధన అనే మాట మా నోట ఎప్పుడూ రాలేదు. కానీ ఒక తరాజు, ఒక నోటు పుస్తకం పట్టుకుని ఏడు రోజులు మేము చేసిన పని మా ఊరి పద్ధతిని మార్చింది. ఆ ముచ్చటే చెప్పడానికి వచ్చాం. అయింది చెప్తాం, చెడిపోయింది కూడా దాచకుండా చెప్తాం.

బతుకమ్మ వెనక్కి వచ్చిన రాత్రి

రెండేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు మేమంతా చెరువు కట్టకు పోయాం. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడి పాడి, నీళ్లలో వదలడానికి దిగాం. కాలికి మట్టి తగల్లేదు. ప్లాస్టిక్ పళ్లాలు, నీళ్ల ప్యాకెట్లు, సీసా పెంకులు, పిల్లల డైపర్లు తగిలాయి. ఒక చెల్లె అరికాలు తెగి రక్తం కారింది. ఒక పెద్దవ్వ తన బతుకమ్మను మళ్లీ నెత్తిన పెట్టుకుని, “ఈ నీళ్లల్ల గౌరమ్మను ఎట్ల వదలాలె బిడ్డా” అని ఒడ్డునే నిలబడిపోయింది. ఆ రాత్రి సగం బతుకమ్మలు బోరు దగ్గరి నీళ్ల తొట్టిలో వదిలి ఇళ్లకు పోయాం.

ఆ నెల గ్రామైక్య సంఘం మీటింగులో అప్పుల ముచ్చట కంటే ముందు ఆ ముచ్చటే వచ్చింది. తప్పు ఎవరిదని మొదలుపెట్టాం. పంచాయతీ ట్రాక్టరు రోజూ రాదని కొందరు అన్నారు. తాగేటోళ్ల సీసాలని కొందరు, ఫంక్షన్లు చేసేటోళ్ల పళ్లాలని కొందరు. ఒక వాడ వాళ్లు ఇంకో వాడను అన్నారు. గొంతులు లేచాయి. అప్పుడు మా పుస్తకాలు రాసే అక్క లేచి, “ఎవరిదెంతనో మీలో ఎవరికన్న ఎరుకనా? పుస్తకం చూడకుండ మనం ఎవరికన్న అప్పిస్తమా? మరి లెక్క లేకుండ తప్పెట్ల వేస్తున్నం?” అని అడిగింది.

అందరం ఊకున్నాం. ఆమె అన్నది నిజం. వంద రూపాయల పొదుపుకు పుస్తకంలో గీత గీసి రాసుకునేవాళ్లం మనం. రోజూ ఇంట్లోంచి బయట పారేసే దానికి మాత్రం మనకు ఒక్క అక్షరం లెక్క లేదు.

ఎట్ల తూచామంటే

పది ఇళ్లు ఎంచుకున్నాం. అన్నీ ఒక తీరు ఇళ్లు కాకుండా చూసుకున్నాం. పశువులున్న ఇల్లు, పశువులు లేని ఇల్లు, చంటిపిల్లలున్న ఇల్లు, ముసలోళ్లు ఇద్దరే ఉండే ఇల్లు, కిరాణం నడిపే ఇల్లు, టిఫిన్ బండి వాళ్ల ఇల్లు. అన్ని వాడల నుంచీ తీసుకున్నాం. మా పదాధికారుల ఇళ్లు మూడు అందులో కావాలనే పెట్టాం. మన ఇల్లు చూపించకుండా పక్కింటి చెత్త విప్పమంటే ఎవరూ విప్పరు.

ఒక్కో ఇంటికి నాలుగు సంచులు ఇచ్చాం. మొదటి దాంట్లో కూరగాయల తొక్కు, అన్నం, ఆకులలాంటి తడి చెత్త. రెండో దాంట్లో పాత సామాన్లోళ్లు కొనే పొడి చెత్త, అంటే అట్టలు, సీసాలు, డబ్బాలు, ఇనుము. మూడో దాంట్లో ఎవరూ కొనని పొడి చెత్త, అంటే చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, పలుచటి కవర్లు. నాలుగో దాంట్లో డైపర్లు, ప్యాడ్లు, సూదులు, బ్యాటరీలు, కాలం దాటిన మందులు. కిరాణం దుకాణం నుంచి వేలాడే తరాజు అడిగి తెచ్చుకున్నాం. పొద్దున ఏడు గంటలకు ఇద్దరిద్దరం చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పోయి తూచి రాశాం. ఏడు రోజులు ఒక్క పూట కూడా తప్పలేదు. అదే వారం ఊర్లో ఒక పెండ్లి పడింది. ఆ పెండ్లి చెత్త కూడా వేరుగా తూచాం.

మొదటి రోజు జనం నవ్వారు. “పైసలు తూసేటోళ్లు పెంట తూస్తున్నరు” అన్నారు. నాలుగో రోజుకు పది ఇళ్ల పక్కన ఉన్నవాళ్లు, మా ఇంట్లో ఎంతైతదో చూడండి అని పిలిచారు.

తరాజు చెప్పింది

మొదటి సంగతి, బరువులో సగానికి మించి తడి చెత్తే. అది ఇంటి దగ్గర మట్టిలో కలిస్తే ఎరువు. కవర్లో కట్టి చెరువు కాడ వేస్తే కంపు. మా అత్తల కాలంలో ప్రతి ఇంటి వెనుక పెంటకుప్ప ఉండేది. ఇంటి చెత్త, పశువుల పేడ అందులో మాగి, ఎండకాలంలో బండి మీద పొలానికి పోయేది. పశువులు పోయినయి, పెరళ్లు పోయినయి, పెంటకుప్ప పోయింది. చెత్త మాత్రం పోలేదు, కవర్లో కూర్చుంది.

రెండో సంగతి, కొనేవాళ్లున్న పొడి చెత్త మా దగ్గర బాగానే ఉంది. తడి దాంతో కలిసి నానడం వల్ల పాత సామాన్లోళ్లు దాన్ని ముట్టుకోవడం లేదు. వేరుగా ఉంటే అమ్ముడుపోతది, కలిస్తే పారేయాలె. అంతే తేడా.

మూడో సంగతి, ఒక్క పెండ్లిలో వచ్చిన పళ్లాలు, గ్లాసులు మా పది ఇళ్ల వారం రోజుల పొడి చెత్తను దాటిపోయాయి. ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మకోల్ వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. 120 మైక్రాన్ల కంటే పలుచటి ప్లాస్టిక్ సంచులకు ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం వచ్చింది. నిషేధం ఉందని మా ఊర్లో చాలామంది విన్నారు. పెండ్లి భోజనాలకు వేరే దారి చూపించినవాళ్లు లేరు.

నాలుగో సంగతి చెప్పడానికి మాకు ఇప్పుడు కూడా నోరు రాదు. అయినా ఇది ఆడవాళ్ల సభ, చెప్పాలె.

నాలుగో సంచి అన్నిటికంటే తేలిక. కానీ చెరువు ఒడ్డున మేము ఏరిన నల్ల కవర్లలో ఎక్కువగా ఉన్నది అదే. ప్యాడ్లు, డైపర్లు. అవి తాగేటోళ్లు వేసినవి కావు, ఫంక్షన్లోళ్లు వేసినవి కావు. మనమే, ఎవరూ చూడకుండా చీకటి పడ్డాక పేపరులో చుట్టి, నల్ల కవర్లో కట్టి, కాలువలో వేసి వచ్చినవి. తప్పు ఎవరిదని నెల రోజులు కొట్లాడినవాళ్లం ఆ సాయంత్రం ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు.

పంచాయతీలో పారిశుధ్య పని చేసే అక్క మా సంఘంలోనే సభ్యురాలు. ఆమె అప్పటిదాకా మూలకు కూర్చుని వింటోంది. మెల్లగా అంది, “నేను రోజు పొద్దుగాల ఉత్త చేతుల్తోని తీసేది ఇదే గద అక్కా. మీకు ఇయ్యాల కనబడ్డది.”

ఆమె మా పక్కనే పదేళ్లుగా పొదుపు కడుతోంది. ఆమె చేతికి ఏం తగులుతోందో మేము ఒక్కనాడు అడగలేదు. చెరువు కోసం మొదలుపెట్టిన పని ఆ మాటతో ఆ అక్క కోసం కూడా అయింది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో మొదటి తీర్మానం చెత్త మీద కాదు, గ్లౌజుల మీద రాశాం. ఆమెకు, ఆమెతో పనిచేసే ఇద్దరికి గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇప్పించాలని గ్రామసభలో అడిగాం. పంచాయతీ ఇచ్చేదాకా గ్రామైక్య సంఘం నిధి నుంచి కొనిచ్చాం.

మన మత్తడి దుంకితే

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదని ఎందుకంటున్నామంటే, మన దగ్గరివి గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచి పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయే ఏర్పాటు ఇది. నీళ్లు పోయే దారినే చెత్తా పోతది. పై ఊరి కవర్లు మా తూములో ఇరుక్కుంటే కింది పొలాలకు నీళ్లు సన్నగిల్లుతాయి. మా మత్తడి దుంకిన నాడు మా డైపర్లు కింది ఊరి చెరువుకు చేరుతాయి. ఆ ఊరి అక్కలు ఈ సభలోనే కూర్చున్నారు. వాళ్లను మేము ఇక్కడే క్షమాపణ అడుగుతున్నాం.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీశారు. ఆ ఒండ్రుమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. చెరువు మట్టి అంత బలమైంది కాబట్టే తోలుకున్నారు. ఇప్పుడు అదే మట్టిలో గాజుపెంకులు, కవర్లు కలిస్తే రేపు ఎవరు తోలుకుంటారు? చెరువు ఎండితే బోర్లు ఎండుతాయి, మన గేదెలకు నీళ్లుండవు, పాల డబ్బులతో కట్టే మన కిస్తీలు ఆగుతాయి. చెరువు కూడా మన సంఘం ఆస్తి కిందే లెక్క.

ఎర్రలు రెండుసార్లు చచ్చిపోయాయి

మా ఊర్లో ఎరువు తయారు చేసే షెడ్డు ముందే ఉంది. కట్టిన తర్వాత తాళం వేసి ఉంది. దాన్ని మేము నడుపుతామని గ్రామసభలో అడిగి తీసుకున్నాం. వానపాముల ఎరువు చేద్దామనుకున్నాం. మా దగ్గర వాటిని ఎర్రలు అంటాం.

మొదటిసారి పచ్చి పేడ తెచ్చి తొట్టి నింపి ఎర్రలను వదిలాం. మూడు రోజులకు అన్నీ చచ్చిపోయాయి. రెండోసారి టిఫిన్ బండి వాళ్ల దగ్గర మిగిలిన ఉప్పు, కారం, నూనె ఉన్న కూరలు కూడా వేశాం. చీమలు పట్టాయి, కోళ్లు దూరాయి, మళ్లీ పోయాయి. ఖర్చు మీద ఖర్చయింది. మీటింగులో మాటలు పడ్డాయి. ఇక బంద్ చేద్దామన్నవాళ్లే ఎక్కువ. అప్పుడు కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగాం. వాళ్లు చెప్పిన తర్వాత మా తప్పు మాకు తెలిసింది. పచ్చి పేడ, పచ్చి చెత్త మాగేటప్పుడు లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి ఎర్రలు బతకవు.

ఇప్పుడు మేము చేసే పద్ధతి చెప్తాం, రాసుకునేవాళ్లు రాసుకోండి.

తడి చెత్త, ఆకులు, పేడ పొరలు పొరలుగా వేసి, నీళ్లు చల్లి, మధ్యలో ఒకసారి తిరగేసి 15 నుంచి 20 రోజులు మాగనివ్వాలె. కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అప్పుడే తొట్టిలోకి మార్చాలె. తొట్టి మూడడుగుల వెడల్పు మించకూడదు, రెండు పక్కల నుంచి చెయ్యి అందాలె. ఎత్తు రెండడుగుల లోపు చాలు. పైన నీడ ఉండాలె, తడి గోనె పట్టా కప్పాలె. తడి ఎంతుండాలంటే, పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలె, నీళ్లు కారకూడదు. చుట్టూ సన్నటి కాలువ తీసి నీళ్లు నిలిపితే చీమలు రావు. జాలీ కట్టితే కోళ్లు రావు. 45 నుంచి 60 రోజులకు ఎరువు టీ పొడి తీరు అవుతుంది. తీసే ముందు మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపితే ఎర్రలు అడుక్కు పోతాయి. పైది తీసి జల్లెడ పట్టాలె.

మొదటి ఎరువు మేము అమ్మలేదు. ఊరి నర్సరీకి కొంత ఇచ్చాం. మిగిలింది మా పెరటి తోటల్లో పరీక్ష పెట్టాం. ఒక్కో పెరట్లో రెండు సాళ్లు వంగ నాటి, ఒక సాలుకు ఎరువు వేసి, ఒక సాలుకు వేయకుండా, కోసిన కాయలు వేరు వేరుగా తూచి రాశాం. ఎరువు వేసిన సాలు కొన్ని ఇళ్లలో ముందుంది, కొన్ని ఇళ్లలో తేడా తెలియలేదు. ఒక్క కారుతో తీర్పు చెప్పం. ఈ ఏడు కూడా తూస్తున్నాం. అదే తరాజు, అదే నోటు పుస్తకం.

పళ్లాల బ్యాంకు, పళ్లాలు కడిగే చేతులు

సిద్దిపేట జిల్లాలో ఊర్లలో స్టీల్ బ్యాంకులు పెట్టారని విన్నాం. ఫంక్షన్లకు ప్లాస్టిక్ బదులు స్టీలు పళ్లాలు, గ్లాసులు కిరాయికి ఇస్తారు. మేము కూడా గ్రామైక్య సంఘం నిధితో కొన్నాం. పళ్లేనికి, గ్లాసుకు కిరాయి పెట్టాం. పోయిన దానికి ధర కట్టాలె అని రాసి సంతకం తీసుకుంటాం.

ఇక్కడ ఒక కొట్లాట వచ్చింది. ప్లాస్టిక్ అయితే పారేస్తే అయిపోతది, స్టీలు అయితే కడగాలె. ఎవరు కడగాలె? ఆ ఇంటి ఆడవాళ్లే. పెండ్లి పనులన్నీ చేసిన కోడలు అర్ధరాత్రి ఎంగిలి పళ్లాలు ముందు పెట్టుకుని కూర్చోవాల్నా అని ఒక చెల్లె అడిగింది. ఊరిని శుభ్రం చేసే పని మళ్లీ ఆడవాళ్ల నడుము మీదే పడితే అది ఏం మార్పు? అందుకే కడిగే కూలి కిరాయిలోనే కలిపాం. సంఘంలో కూలి అవసరం ఉన్న ఇద్దరు కడుగుతారు, ఆ డబ్బు వాళ్లకే పోతుంది. కిరాయి కొంచెం పెరిగింది. కొందరు సణిగారు. అయినా ఇస్తున్నారు.

ఇతరులు చేసింది చూసి నేర్చుకున్నాం

ఇట్ల కొలిచి, రాసుకుని చేయడం మనకే కొత్త. వేరే చోట్ల ముందే చేశారు.

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఊరివాళ్లు కలిసి వాటర్‌షెడ్ పని చేశారు. చెక్‌డ్యాములు కట్టారు, గట్ల మీద గిరిపుష్పం చెట్లు పెంచి ఆ ఆకులను ఎరువుకు వాడారు. అక్కడి మహిళా సంఘాల వాళ్లు వానపాముల ఎరువు తయారుచేసి ఆదాయం పొందారు. వాన నీళ్లు ఆపడం, చెత్తను ఎరువు చేయడం ఒకే పనిలో రెండు కొసలు అని అక్కడ తెలుస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు తామే వాన కొలిచారు, బావుల్లో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రాశారు. ఆడవాళ్లు కూడా కొలిచారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలె అని లెక్క వేసుకున్నారు. ఎవరి మీదా చట్టం పెట్టలేదు. లెక్క గోడ మీద కనబడితే మనిషి తనంత తానే ఆలోచిస్తాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ పట్టణంలో మహిళా సంఘాల వాళ్లే ఇంటింటికీ పోయి చెత్త తీసుకుని, వేరుచేసి అమ్ముతున్నారు. పాత డంపింగ్ యార్డు అక్కడ పార్కు అయింది. కేరళలో కుటుంబశ్రీ మహిళలు హరిత కర్మసేనలుగా ఏర్పడి, ఇండ్ల నుంచి పొడి చెత్త తీసుకుంటున్నారు, దానికి ఇంటింటా నెల రుసుము ఉంది. ఈ రెండు చోట్లా ఆడవాళ్లు ఈ పనిని సేవగా ఉత్తగ చేయడం లేదు, బతుకుదెరువుగా చేస్తున్నారు. ఇది మనం గట్టిగా పట్టుకోవాలె.

డబ్బు ఎక్కడిదని అడగొచ్చు. స్వచ్ఛభారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో 5 వేల వరకు జనాభా ఉన్న ఊరికి చెత్త పనికి తలకు రూ.60 వరకు, మురుగునీటి పనికి తలకు రూ.280 వరకు లెక్కగట్టారు. ఇంకుడు గుంతలు, ఎరువు గుంతలు ఉపాధి హామీలో కూడా చేశారు. మన ఊరికి ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని గ్రామసభలో అడగడం మన హక్కు. చేతిలో తూకం పుస్తకం పట్టుకుని అడిగితే మన మాటకు బరువుంటుంది. మాకు అది అనుభవం.

ఇంకా కానివి

అంతా అయిపోయిందని చెప్తే అబద్ధం. మూడు పనులు మాకు ఇంకా కాలేదు.

ఒకటి, నెల రుసుము. సగం ఇళ్లు ఇస్తాయి, సగం ఇళ్లు రేపు మాపు అంటాయి. వసూలుకు పోయినవాళ్లు మాటలు పడుతున్నారు.

రెండు, ఎవరూ కొనని ప్లాస్టిక్. మూటలు కట్టి షెడ్డులో పెడుతున్నాం, మూటలు పెరుగుతున్నాయి. కొన్ని చోట్ల ఇంకా కాలబెడుతున్నారు. ప్లాస్టిక్ కాలిన పొగ విషం. ముందు అందేది దగ్గర ఆడుకునే పిల్లలకే. ఒక్క ఊరి మూటల కోసం లారీ రాదు. మండలంలోని ఊర్లన్నీ కలిపితే వస్తుంది. బ్లాకు స్థాయి ప్లాస్టిక్ యూనిట్లకు స్వచ్ఛభారత్ రెండో దశలో వీలు పెట్టారు. అది మండల సమాఖ్య అడగాల్సిన పని.

మూడు, ప్యాడ్లు, డైపర్లు. ఇప్పుడు పేపరులో చుట్టి, ఎర్ర చుక్క పెట్టి వేరుగా ఇస్తున్నారు. విప్పకుండానే ఏముందో పారిశుధ్య అక్కకు తెలుస్తుంది. చెరువుకు, బోర్లకు దూరంగా మూత ఉన్న లోతు గుంతలో వేస్తున్నాం. ఇది పరిష్కారం కాదు, ప్రస్తుతానికి ఆగిన చోటు. సిద్దిపేట పట్టణంలో ‘రుతుప్రేమ’ పేరుతో గుడ్డ ప్యాడ్లు, కప్పుల గురించి ఆడవాళ్లకు చెప్పి, ఇచ్చారు. మా ఊర్లో కొందరు గుడ్డ ప్యాడ్లు మొదలుపెట్టారు. ఉతికి ఎండలో ఆరేయడానికి చోటు, నీళ్లు, ఇంట్లో ఒప్పుకునే మనుషులు కావాలె. అవి లేని చెల్లెను మేము తప్పు పట్టం. ఎవరికి ఏది వీలైతే అది. కాలువలో మాత్రం వద్దు.

సభ ముందు మా ప్రతిపాదనలు

ఈ సభ మూడు తీర్మానాలు చేయాలని కోరుతున్నాం.

మొదటిది, మండలంలోని ప్రతి గ్రామైక్య సంఘం వచ్చే మహాసభలోపు పది ఇళ్లలో ఏడు రోజులు చెత్త తూచి, లెక్క మినిట్స్ పుస్తకంలో రాయాలె. పొదుపు, అప్పు లెక్కల పక్కన చెత్త లెక్క కూడా వార్షిక నివేదికలో అచ్చు కావాలె.

రెండోది, ఎవరూ కొనని ప్లాస్టిక్ మూటలను అన్ని ఊర్ల నుంచి ఒకచోట చేర్చే బాధ్యత మండల సమాఖ్య తీసుకోవాలె. పై చెరువు ఊరు, కింది చెరువు ఊరు గ్రామైక్య సంఘాలు ఏడాదికి రెండుసార్లు, వానకాలానికి ముందు, బతుకమ్మకు ముందు కలిసి కూర్చోవాలె.

మూడోది, ఏ ఊర్లో పని మొదలుపెట్టినా మొదటి ఖర్చు పారిశుధ్య కార్మికుల గ్లౌజులు, బూట్ల మీద పెట్టాలె. మీటింగులో వాళ్లకు కుర్చీ, మాట రెండూ ఉండాలె. మా ఊర్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని మేము చివరికి అడిగాం. మీరు మొదలే అడగండి.

పోయిన సద్దుల బతుకమ్మకు మేము మళ్లీ చెరువుకే పోయాం. నీళ్లు అద్దం లెక్క ఉన్నాయని చెప్పం. మత్తడి దగ్గర ఇంకా కవర్లు ఉన్నాయి, దిగే మెట్ల దగ్గర మాత్రం లేవు. పారిశుధ్య అక్క ముందు దిగి, కాలితో అడుగు తడిమి చూసి, “రాండ్రి, ఏం లేదు” అని పిలిచింది. ఆమె వెనుక పెద్దవ్వ దిగింది. ఆమె వెనుక మేమంతా దిగాం.

 తరాజు కావాలన్న ఊరు చెప్పండి, మాది పంపుతాం. తూచడం నేర్పడానికి మనుషులం కూడా వస్తాం.